ఒత్తిడి నీటితో యంత్రములు కడుగు వృత్తి: మొదలుపెట్టువారు ముందుగా నేర్వవలసినవి

ఒకప్పుడు పల్లెలో పని ముగిసిన తరువాత కడుగవలసినవి ఎడ్లు, బండిచక్రములు, నాగలి మాత్రమే. ఎడ్లను చెరువులోనో కాలువలోనో దింపి గడ్డిచుట్టతో రుద్దినచో సరిపోయెడిది. నేడు ఆ స్థానములో ట్రాక్టరు, రోటవేటరు, వరికోత యంత్రము, మోటారు సైకిలు వచ్చినవి. ఎద్దు ఒడలిమీద బురద ఎండిన యెడల మరునాటికి దానంతటది రాలిపోవును. ట్రాక్టరు అడుగుభాగమున ఎండిన బురద అట్లు పోదు. అది తేమను పట్టి ఉంచి ఇనుమును తుప్పుపట్టించును. బురదలో ఎరువు కూడ కలిసియున్నచో తుప్పు మరింత త్వరగా ఎక్కును. బురద చాటున సడలిన బోల్టు, కారుచున్న ఆయిలు కంటికి కనబడవు.

కావున యంత్రములను కడిగి ఇచ్చు పనికి గ్రామములలో గిరాకీ ఏర్పడినది. మనవారు దీనిని "వాటరు సర్వీసింగు" అని పిలుచుచున్నారు. కొద్దిపాటి స్థలము, నీటి వసతి, ఒక పంపు, ఒక మోటారు ఉన్నచో దీనిని ప్రారంభింపవచ్చును. వ్యవసాయము తీరిక దొరకు రోజులలో ఆదాయము కోరు రైతు బిడ్డలకు ఇది అనుకూలమైన పని. అయితే ఇందులో నష్టపోవువారును కలరు. వారిలో పలువురు ముందు యంత్రము కొని, తరువాత పని నేర్చుకొనుటకు పూనుకొన్నవారే. అట్టివారు పని నేర్చుకొనునది ఇతరుల బండ్లమీద; అందుకు మూల్యము చెల్లించునది తమ మంచిపేరుతో. ఈ వృత్తిలో యంత్రము చేయునది సగము పనియే. నీటిని ఎచ్చట కొట్టవలెనో, ఎచ్చట కొట్టరాదో తెలిసిన చేయి తక్కిన సగము చేయును.

ముందు పని, తరువాత యంత్రము

ఈ వృత్తిలో దిగదలచినవారు మొదట దగ్గరి పట్టణములో బాగుగా నడుచుచున్న సర్వీసింగు షాపులో కనీసము రెండు మూడు నెలలు పనిచేయుట మేలు. దొరకినంత కూలి తీసికొనవచ్చును, కాని దృష్టి నేర్చుకొనుటమీదనే ఉంచవలెను. రోజుకు ఎన్ని బండ్లు వచ్చుచున్నవి, ఏ బండికి ఎన్ని నిమిషములు పట్టుచున్నది, ఏ నెలలో పని తగ్గుచున్నది, పంపులో తరచుగా చెడిపోవునది ఏది అను సంగతులను ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. పంపు విప్పి వాషర్లు, సీళ్లు మార్చుట చేతులారా నేర్చుకొనవలెను. పంపు చెడినప్పుడెల్ల పట్టణపు మేస్త్రీ కొరకు ఎదురుచూచువానికి పని ఉన్న రోజులలోనే షాపు మూతపడును.

చాల జిల్లాలలో లీడు బ్యాంకు నిర్వహణలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉండును. ఈ సంస్థలకు మాదిరి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన శిక్షణ కేంద్రము. వీటిలో గ్రామీణ యువకులకు ఉచితముగా శిక్షణ ఇత్తురు. ద్విచక్ర వాహనముల మరమ్మతు వంటి తరగతిలో చేరినచో యంత్రములోని ఏ భాగము నీటికి ఓర్చుకొనునో, ఏది ఓర్చుకొనదో తెలియును. జమాఖర్చులు వ్రాయుట కూడ అచ్చటనే అలవడును.

ఒత్తిడి వేరు, నీటి పరిమాణము వేరు

యంత్రము కొనబోవువారు సాధారణముగా "ఎన్ని బార్లు?" అని మాత్రమే అడుగుదురు. ఒక బారు అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో ఒత్తిడి. ఇది సగము సంగతియే. నిమిషమునకు ఎన్ని లీటర్ల నీరు వచ్చును అనునది రెండవ సగము. అంటుకొన్న మురికిని ఒత్తిడి ఊడదీయును. ఊడిన మురికిని కొట్టుకొనిపోవునది నీటి పరిమాణము.

ఈ రెండింటికి, మోటారు శక్తికి గల సంబంధమును ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. బార్లను నిమిషపు లీటర్లతో గుణించి 600 తో భాగించినచో కావలసిన శక్తి కిలోవాట్లలో వచ్చును. 30 బార్ల ఒత్తిడితో నిమిషమునకు 30 లీటర్లు ఇచ్చు పంపునకు ఈ లెక్కన 1.5 కిలోవాట్లు కావలెను. పంపులో జరుగు నష్టమును కూడ కలిపినచో సుమారు 1.8 కిలోవాట్లు, అనగా దాదాపు రెండున్నర హార్సుపవరు. కావున 3 హార్సుపవరు మోటారు బిగింతురు. 150 బార్ల ఒత్తిడితో నిమిషమునకు 6 లీటర్లు మాత్రమే ఇచ్చు యంత్రమునకును ఇంచుమించు అంతే శక్తి కావలెను. రెండింటి శక్తి ఒకటే అయినను వాటి పని వేరు. పొలము బురదతో వచ్చు ట్రాక్టరునకు, దమ్ము చక్రములకు మొదటిది తగినది. నాచుపట్టిన సిమెంటు గచ్చునకు, గట్టిపడిన జిడ్డునకు రెండవది తగినది.

ఐరోపాలో మొదటి వేడినీటి అధిక పీడన యంత్రమును జర్మనీ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ కార్చర్ 1950లో తయారుచేసెను. మన గ్రామములలో ఎక్కువగా కనబడునది అది కాదు. తోటలకు మందు కొట్టుటకు వాడు మూడు పిస్టన్ల హెచ్.టి.పి. పంపే ఇచ్చట ఈ పనికి కుదిరినది. ఇది సాధారణముగా 20 నుండి 40 బార్ల ఒత్తిడితో, నిమిషమునకు 20 నుండి 40 లీటర్ల నీటిని ఇచ్చును. విడిభాగములు దొరకుట, మరమ్మతు సులువగుట దీని సుగుణములు. అయితే ఒక హెచ్చరిక కలదు. పురుగుమందు, కలుపుమందు కొట్టిన పంపును, గొట్టమును తెచ్చి పశువుల కొట్టమునుగాని, నీటితొట్లనుగాని ఎన్నడును కడుగరాదు. కడుగు పనికి పంపును, గొట్టములను వేరుగా ఉంచుకొనవలెను.

పంపు ఇచ్చు నీరెంతో తెలియుటకు 20 లీటర్ల డబ్బాను, గడియారమును ముందు ఉంచుకొనవలెను. డబ్బా 40 సెకండ్లలో నిండినచో నిమిషమునకు 30 లీటర్లు వచ్చుచున్నవని అర్థము. నెలకొకసారి ఇట్లు కొలుచుచుండవలెను. నీరు తగ్గినచో ఫిల్టరు మూసికొనిపోవుటయో, సీళ్లు అరుగుటయో కారణము. నీరు తగ్గక ఒత్తిడి మాత్రము తగ్గినచో ముందుగా నాజిలు రంధ్రము అరిగి పెద్దదైనదేమో చూడవలెను.

పంపును నీరు లేకుండ ఒక్క నిమిషమైనను నడుపరాదు. పీల్చు గొట్టమునకు జల్లెడ తప్పక ఉండవలెను; ఇసుక రేణువులు పిస్టన్లకు శత్రువులు. గన్ను మీట మూసి మోటారును ఎక్కువసేపు నడుపుచుండినచో అదే నీరు పంపులో తిరిగి తిరిగి వేడెక్కి సీళ్లు పాడగును. పని ఆపిన తరువాత మీట నొక్కి గొట్టములోని ఒత్తిడిని విడిచిపెట్టవలెను. ఆయిలు మార్చు గడువులకు తయారీదారు ఇచ్చిన పుస్తకమును అనుసరింపవలెను.

నాజిలు, దూరము, కోణము

చేతి నైపుణ్యము ఇచ్చటనే తెలియును. అధిక పీడన యంత్రములతో వచ్చు నాజిళ్లకు సాధారణముగా రంగు గుర్తులుండును. ఎరుపు సూటి ధారను, పసుపు 15 డిగ్రీల విసనకర్ర వంటి ధారను, ఆకుపచ్చ 25 డిగ్రీల ధారను, తెలుపు 40 డిగ్రీల ధారను ఇచ్చును. నలుపు సబ్బునీటికి. నేర్చుకొనువారు ఎరుపు నాజిలును పెట్టెలోనే ఉంచుట క్షేమము. పనిలో ఎక్కువ భాగము ఆకుపచ్చ, తెలుపు నాజిళ్లతోనే నెరవేరును.

ధార నాజిలు నుండి దూరము పోయిన కొలది దాని పదును తగ్గును. కావున ముందు ఒక బారెడు దూరము నుండి మొదలుపెట్టి, మురికి కదలు వరకు మెల్లగా దగ్గరకు రావలెను. మొదటనే దగ్గరగా పెట్టి కొట్టినచో రంగు లేచిపోవును, స్టిక్కర్లు చిరుగును. ధారను సూటిగా కాక ఏటవాలుగా పట్టినచో అది మురికి క్రిందికి దూరి పెకలించును. ఒకేచోట నిలుపక చీపురుతో ఊడ్చినట్లు ఆడించుచుండవలెను. దీనిని సాధన చేయుటకు ఇతరుల బండి వలదు. పాత డ్రమ్ము రేకు, విరిగిన మడ్గార్డు, పగిలిన గచ్చు చాలును.

ట్రాక్టరును కడుగు వరుస

వచ్చిన వెంటనే ట్రాక్టరుమీద నీరు కొట్టరాదు. పొలము నుండి వచ్చిన ఇంజను కాగియుండును. కాగిన ఇనుముపై చన్నీళ్లు పడినచో పగుళ్లు ఏర్పడవచ్చును. "అయ్యా, ఇంజను చల్లారనివ్వండి, అర్ధగంట నీడను కూర్చోండి" అని రైతునకు మర్యాదగా చెప్పవలెను. ఆ లోపల చేయవలసిన పని చాల కలదు. పనిముట్టును నేలకు దింపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చక్రములకు అడ్డు పెట్టవలెను. గడ్డకట్టిన బురదను చెక్కతో గీకి తీసివేయవలెను. గీకినందువలన ఖర్చు లేదు. అదే బురదను నీటితో తీసినచో బిందెల కొలది నీరు పోవును. తరువాత తక్కువ ఒత్తిడితో తడిపి పది నిమిషములు నాననీయవలెను.

గాలి ఫిల్టరు మూతిని, సైలెన్సరు మూతిని ప్లాస్టిక్కు సంచితో కట్టవలెను. డైనమో, సెల్ఫు మోటారు, బ్యాటరీ, ఫ్యూజుల పెట్టె, మీటర్ల బోర్డు వీటిపై ధార కొట్టరాదు, తడిగుడ్డతో తుడువవలెను. క్రొత్త ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్ భాగములు పెరిగినవి గనుక ఈ జాగ్రత్త మరింత అవసరము. డీజిలు ట్యాంకు మూత, హైడ్రాలిక్ ఆయిలు మూత బిగువుగా ఉన్నవో లేవో చూడవలెను. రేడియేటరు రేకులు చాల పలుచనివి. దగ్గరగా కొట్టినచో అవి వంగి గాలి ఆడక ఇంజను వేడెక్కును. వెడల్పు ధారతో, దూరము నుండి, గాలి లోనికి వచ్చు దిశకు ఎదురుగా కొట్టినచో చిక్కుకొన్న పొట్టు వెలికి వచ్చును.

సబ్బునీటిని క్రింది నుండి పైకి పూసి, కడుగునప్పుడు పై నుండి క్రిందికి రావలెను. చవకగా దొరకునని సోడా గాఢముగా కలిపిన నీటిని వాడరాదు. క్షారము అల్యూమినియమును తినివేయును. మోటారు సైకిలు ఇంజను పైభాగములు నల్లబడుటకు ఇది ఒక కారణము. కొందరు జిడ్డు పోవుటకును, మెరుపు వచ్చుటకును డీజిలు చల్లుదురు. అది రబ్బరు గొట్టములను, సీళ్లను ఉబ్బించి పాడుచేయును. బ్రేకులమీద పడినచో ప్రాణాపాయము. నేలలో ఇంకినచో నీటిని చెరచును. ఆ అలవాటు మానవలెను.

బేరింగుల చెంత, సీళ్ల చెంత ధారను సూటిగా కొట్టినచో నీరు లోపల చేరి గ్రీజును వెలికి నెట్టును. ఈ చెరుపు ఆ దినమున కనబడదు. నెల గడచిన తరువాత బేరింగు అరచును. అందువలన కడిగిన తరువాత ప్రతి గ్రీజు నిపుల్‌లోను పాత గ్రీజు, నీరు బయటికి వచ్చువరకు క్రొత్త గ్రీజు పెట్టవలెను. మోటారు సైకిలునకు చైను తుడిచి ఆయిలు వేయవలెను. బండిని అప్పగించుటకు ముందు మెల్లగా నడిపి బ్రేకులు ఆరునట్లు నాలుగైదు సార్లు నొక్కవలెను. కడుగుచుండగా కనబడిన సడలిన బోల్టును, కారుచున్న ఆయిలును యజమానికి చూపవలెను. ఇట్లు చూపువాని యొద్దకే రైతు మరల వచ్చును.

వరికోత యంత్రము: విత్తనపు కల్తీకి అడ్డు

వరికోత యంత్రములు ఒక ఊరి నుండి మరియొక ఊరికి, ఒక్కొక్కప్పుడు ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు పోవుచుండును. లోపల మిగిలిన గింజలు, కలుపు విత్తనములు కూడ వాటితో ప్రయాణము చేయును. ఉమ్మడి కరీంనగరు, వరంగల్లు జిల్లాలు సంకర వరి విత్తనోత్పత్తికి పేరుపొందినవి. అట్టి ప్రాంతములలో యంత్రములో మిగిలిన పిడికెడు వేరు రకపు గింజలు విత్తనపు స్వచ్ఛతను చెరచగలవు. కావున ఒక మడి నుండి మరియొక మడికి యంత్రము దిగుటకు ముందు శుభ్రపరచుట రైతునకు నిజమైన లాభము. శ్రద్ధగా చేయువానికి మంచి కూలియు గిట్టును.

ఇచ్చట మొదట వాడవలసినది నీరు కాదు, గాలి. నీరు ముందుగా కొట్టినచో పొట్టు, దుమ్ము ముద్దకట్టి మూలలలో అతుకుకొనును. గింజలు లోపలనే మొలకెత్తును. యంత్రపు డ్రైవరు చేత తలుపులు తెరిపించి కొన్ని నిమిషములు వట్టిగా నడిపించవలెను. పిమ్మట ఇంజను ఆపి, కోత భాగము క్రిందికి జారకుండ అడ్డు పెట్టవలెను. బ్లోయరుతో కోత భాగము, ఎలివేటరు, నూర్పిడి డ్రమ్ము, జల్లెడలు, ధాన్యపు ట్యాంకు ఈ వరుసలో ఊదవలెను. సైలెన్సరు చుట్టు చేరిన ఎండుపొట్టును పూర్తిగా తీసివేయవలెను. దానివలన యంత్రము అంటుకొను ప్రమాదము కలదు. అటుపిమ్మట చక్రములను, అడుగుభాగమును మాత్రము నీటితో కడుగవలెను. రాలిన చెత్తను పొలము గట్టున వదలక ప్రోగుచేసి గోతిలో పూడ్చవలెను. వయ్యారిభామ వంటి కలుపు ఒక ఊరి నుండి మరియొక ఊరికి చేరకుండ ఇది కొంత అడ్డగించును.

కోళ్ల షెడ్లు, పశువుల కొట్టములు

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ల ఫారములలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయి, రైతులు పెద్ద నష్టమునకు లోనైరి. షెడ్డు శుభ్రత ఎంత అవసరమో అది తెలియజెప్పినది. షెడ్లు కడుగువారు ఒక షెడ్డు నుండి మరియొక షెడ్డునకు పోవుచుందురు. వారే జాగ్రత్త తప్పినచో బూట్లతో, గొట్టముతో, బండి చక్రములతో వ్యాధిని మోసికొనిపోదురు.

ఒక జట్టు కోళ్లు పోయి, లిట్టరు ఎత్తివేసిన తరువాతనే కడుగవలెను. ముందు పొడిగా ఊడ్చి, మెయిను స్విచ్చి ఆపి, నీటితో నానబెట్టి, సబ్బునీరు చల్లి, పైకప్పు నుండి గోడలకు, గోడల నుండి నేలకు వరుసగా కడుగవలెను. తొట్లను వెలికి తెచ్చి విడిగా కడుగవలెను. నేల ఆరిన తరువాతనే క్రిమిసంహారక మందు చల్లవలెను. రెట్ట, జిడ్డు మిగిలియున్న చోట మందు పనిచేయదు. నీరు నిలిచియున్న చోట మందు పలుచనగును. పని ముగిసిన పిమ్మట యంత్రమును, గొట్టమును, బూట్లను కడిగి మందునీటిలో ముంచి, బట్టలు మార్చుకొని ఇల్లు చేరవలెను. ఒకే దినమున రెండు ఫారములకు పోకుండుట మంచిది. వ్యాధి సోకిన ఫారములో పశుసంవర్ధక శాఖవారి ఆదేశము లేనిదే అడుగు పెట్టరాదు.

పశువుల కొట్టములో పశువులను తోలివేసిన తరువాతనే నీరు కొట్టవలెను. ఒత్తిడి ధారకు పేడ, మూత్రము తుంపరలై గాలిలో లేచును. వాటితో వ్యాధికారక క్రిములు పీల్చుకొనబడును. ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు, కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి. చర్మముపై గాయములున్నవారు ఆ పనికి దిగరాదు. పశువు ఒంటిమీద ఒత్తిడి ధార ఎన్నడును కొట్టరాదు.

కడుగరానివి

గిరాకీ వచ్చినది గదాయని అన్నింటిని ఒప్పుకొనరాదు. ముఖ్యముగా ఆస్బెస్టాస్ సిమెంటు రేకులను ఒత్తిడి నీటితో కడుగరాదు. ధార తగిలినచో పైపొర లేచి సన్నని నార గాలిలో కలియును. దానిని పీల్చినచో ఊపిరితిత్తులకు ఏండ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులు కలుగును. పైగా పాతరేకులు పెళుసై మనిషి బరువునకు విరుగును. ఎంత కూలి ఇచ్చినను ఈ పనిని నిరాకరింపవలెను. సున్నపు గార గోడలు, మట్టి గోడలు, పాత పెంకుటిండ్ల కప్పులు, చెక్క తలుపులు కూడ ఈ ధారకు ఓర్చుకొనవు. నేల మరకలకు వాడు యాసిడ్‌ను, బ్లీచింగు పౌడరును కలిపినచో విషవాయువు పుట్టును. ఒకదాని వెంట మరియొకటి ఒకేచోట వాడుట కూడ ప్రమాదమే.

ప్రాణభయము ఉన్న రెండు చోట్లు

మొదటిది విద్యుత్తు. తడి నేలపై, తడి చేతులతో చేయు పని ఇది. మోటారు ఒంటికి సరియైన ఎర్తు ఉండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను తెంపివేయు బ్రేకరును తప్పక బిగించి, దాని పరీక్ష బటనును నెలకొకసారి నొక్కి చూడవలెను. స్విచ్చి బోర్డును నీటి తుంపర తగులని ఎత్తులో పెట్టవలెను. అతుకుల తీగెను నేలపై పరువరాదు. బెల్టునకు జాలీ తొడుగు ఉండవలెను. పంచె, తువ్వాలు వ్రేలాడకూడదు.

రెండవది ధారయే. సన్నని పదునైన ధార చర్మమును చీల్చి నీటిని, మురికిని కండరములోనికి ఎక్కించును. పైకి చిన్న రంధ్రము మాత్రమే కనబడును, నొప్పియు మొదట తక్కువగా ఉండవచ్చును. దీనిని చిన్న దెబ్బగా ఎంచి పసుపు అద్ది ఊరకుండరాదు. గంటలలో చేయి ఉబ్బి, వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోయి "ఒత్తిడి ధార తగిలినది" అని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. గన్నును మనిషివైపు చూపుట, పిల్లలచేతికి ఇచ్చుట, చెప్పులు మురికైనవని కాళ్లమీద కొట్టుకొనుట పూర్తిగా మానవలెను.

నీటి పొదుపు, మురుగు దారి

నిమిషమునకు 30 లీటర్ల చొప్పున నాలుగు నిమిషములు కొట్టినచో ఒక మోటారు సైకిలుకు 120 లీటర్లు, ఇరువది నిమిషములు కొట్టినచో ఒక ట్రాక్టరుకు 600 లీటర్లు. రోజుకు ఆరు మోటారు సైకిళ్లు, రెండు ట్రాక్టర్లు కడిగినచో 1,920 లీటర్లు. వేసవిలో ఊరు మంచినీటికి తడుముకొనునప్పుడు ఇంత నీరు రోడ్డుమీద పారుట చూచి ఊరివారు సహింపరు, సహింపనక్కరయు లేదు. గీకుట, నానబెట్టుట, మీట విడిచినంతనే ధార ఆగు గన్ను వాడుట, ఈ మూడింటితో నీటి వాడకము బాగుగా తగ్గును. 50 చదరపు మీటర్ల రేకుల కప్పుమీద 25 మిల్లీమీటర్ల వాన పడినచో 1,250 లీటర్ల నీరు వచ్చును. దానిని తొట్టిలో పట్టుకొనవలెను.

కడిగిన నీటిలో బురద, ఆయిలు, మందుల అంశము ఉండును. దానిని చెరువులోనికి, పంటకాలువలోనికి వదలరాదు. వాలుగా వేసిన గచ్చు నుండి మూడు అరల తొట్టికి మళ్లింపవలెను. మొదటి అరలో బురద అడుగున చేరును. రెండవ అరలో ఆయిలు పైకి తేలును. అడుగువైపు నుండి నీటిని తీసికొను వంపు గొట్టము ద్వారా మూడవ అరకు నీరు మాత్రమే పోవును. తేలిన ఆయిలును డబ్బాకెత్తి పాత ఆయిలు కొనువారికి ఇయ్యవలెను. మూడవ అర నీటిని దమ్ము చక్రముల మొదటి కడుగుడునకు మరల వాడవచ్చును.

లెక్క చూచుకొనవలెను

ఈ క్రింది లెక్క మాదిరికి మాత్రమే. మీ ఊరి ధరలను వేసికొని తిరిగి కట్టవలెను. పంపు, మోటారు, గచ్చు, తొట్టి అన్నింటికి 1,20,000 రూపాయలు పెట్టుబడి అనుకొందము. సంవత్సరమునకు 250 పనిదినములు.

ఐదేండ్లలో అరిగిపోవునని తరుగుదల: 24,000
నూటికి 12 వంతున మొదటి ఏటి వడ్డీ: 14,400
మరమ్మతులు: 12,000
విద్యుత్తు 2,060 యూనిట్లు, యూనిటు 10 రూపాయల చొప్పున: 20,600
సబ్బు, గ్రీజు, గుడ్డలు: 15,000
స్థలపు అద్దె: 12,000
మొత్తము: 98,000

దీనిని 250 తో భాగించినచో రోజుకు 392 రూపాయలు. అనగా రోజూ చేతికి వచ్చు సొమ్ములో మొదటి 392 రూపాయలు మీవి కావు. మోటారు సైకిలుకు 60, ట్రాక్టరుకు 300 రూపాయల చొప్పున ఆరు మోటారు సైకిళ్లు, రెండు ట్రాక్టర్లు వచ్చినచో 960 రూపాయలు వచ్చును. మీకు మిగులునది 568. ట్రాక్టర్లు రాక పది మోటారు సైకిళ్లే వచ్చిన దినమున మిగులునది 208 మాత్రమే. ఇది కూలి గిట్టుబాటునకు చాలదు. పెట్టెలోని సొమ్మంతయు లాభమని ఖర్చుపెట్టువారు పంపు మార్చవలసిన ఏటికి మరల అప్పు చేయుదురు.

పని అన్ని నెలలలో ఒకేవిధముగా ఉండదు. దమ్ముల కాలములోను, కోతల తరువాతను ట్రాక్టర్లు వచ్చును. దసరా ఆయుధపూజకు ముందు రెండు దినములు, సంక్రాంతి ముందు బండ్లు వరుసకట్టును. ముసురు పట్టిన వారములో ఎవరును రారు. ఆ రోజులు పంపు విప్పి బాగుచేసికొనుటకు తగిన సమయము.

అనుమతులు, అప్పు

వ్యవసాయ బోరునకు ఇచ్చిన ఉచిత విద్యుత్తును ఈ పనికి వాడరాదు. అనుమతించిన పనికి కాక వేరొక పనికి విద్యుత్తు వాడినచో 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద రెట్టింపు ధరతో వసూలు చేయుదురు. వేరుగా మీటరు తీసికొనవలెను. గ్రామ పంచాయతీ అనుమతి పొందవలెను. క్రొత్త బోరు వేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము నిబంధనలను పాటింపవలెను.

అప్పు కావలసినవారికి 2015లో ప్రారంభమైన ముద్ర యోజన క్రింద బ్యాంకులు హామీ ఆస్తి లేకుండ ఋణము ఇచ్చును. శిశు తరగతిలో 50,000 వరకు, కిశోర్ తరగతిలో 5 లక్షల వరకు పరిమితి. 2020 జూలై నుండి అమలులోనున్న ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. దళారులకు పైకము ఇయ్యనక్కరలేదు. చేతిలోని సొమ్మంతయు యంత్రమునకే పెట్టక, మూడు నెలల ఖర్చునకు సరిపడు మొత్తమును ప్రక్కన ఉంచుకొనవలెను.

గ్రామాధికారులకు మనవి

గ్రామములో ఇట్టి షాపు వెలయుట ఊరికి మేలే. దరఖాస్తు వచ్చినప్పుడు పంచాయతీ కార్యదర్శులు మురుగు తొట్టిని, మంచినీటి బావికి గల దూరమును స్వయముగా చూచి అనుమతి ఇప్పించవలెను. వ్యవసాయ విస్తరణాధికారులు కోతల కాలమునకు ముందు వరికోత యంత్రముల యజమానులను, కడుగు పనివారిని ఒకచోట చేర్చి, విత్తనపు కల్తీ జరుగు తీరును చూపి చెప్పినచో రైతులకు మేలు కలుగును.

ఈ వృత్తిలో దిగదలచిన యువకులు మొదటి మూడు నెలలు నేర్చుకొనుటకు, తరువాతి మూడు నెలలు చిన్న పంపుతో నమ్మకము సంపాదించుటకు కేటాయింపవలెను. పెద్ద యంత్రమును ఆ పిమ్మట కొనవచ్చును. నీటిని అదుపుతో వాడువాడు రైతు యంత్రమును, ఊరి నీటిని, తన ప్రాణమును కూడ కాపాడుకొనును. అట్టివాని షాపు పది కాలములపాటు నిలుచును.